గీజర్ వేస్తే ఇల్లంతా కరెంట్ పోతోంది, ఎవరైనా చెప్పండి

నిజాంపేట ఓనర్:
అందరికీ నమస్కారం. నిజాంపేటలో నా ఫ్లాట్ కిరాయికి ఇచ్చాను. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నా. గీజర్ స్విచ్ వేస్తే చాలు, బ్రేకర్ పడి ఇల్లంతా కరెంట్ పోతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి కాయిల్ మార్చి డబ్బులు తీసుకుని వెళ్లాడు. మళ్లీ అదే. ఇంకొకతన్ని పిలిస్తే "ఆ బ్రేకర్ తీసేసి డైరెక్ట్ ఇస్తా సార్, గొడవుండదు" అంటున్నాడు. ఇంట్లో నెలల పాప ఉంది, వేడినీళ్లకి ఇబ్బంది పడుతున్నారు. తీసేయించమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత వైర్‌మ్యాన్:
తీయించొద్దు. పడేది లోడ్ మించితే పడే ఎంసీబీనా, కరెంట్ లీకైతే పడే ఆర్‌సీసీబీనా?

నిజాంపేట ఓనర్:
మెయిన్ ఎంసీబీ అండి. మీటర్ నుంచి వచ్చాక, బ్రేకర్లుండే పెట్టెలో (డీబీ) మొదట ఉండేది.

మోతీనగర్ అంకుల్:
ముందు మీ అగ్రిమెంట్‌లో రిపేర్లు ఎవరివని రాసుకున్నారో చూడండి. అందరూ పదకొండు నెలల కాగితం రాసుకుని, అద్దె, అడ్వాన్సు తప్ప ఇంకేమీ పట్టించుకోరు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఈ పంపకం స్పష్టంగా ఉంది. గీజర్, స్విచ్‌లు, సాకెట్లు, సర్క్యూట్ బ్రేకర్ రిపేర్లు కిరాయిదారువి. గోడల్లోని వైరింగ్, పైపులు మార్చడం ఓనర్‌ది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే వర్తిస్తుంది. అయినా ఆ జాబితానే మన అగ్రిమెంట్‌లో రాసుకుంటే ఎవరూ ఎవరితోనూ తగువు పడనక్కర్లేదు.

నిజాంపేట ఓనర్:
డబ్బులు నేనే పెట్టుకుంటా అంకుల్. ముందు కరెంట్ నిలబడాలి.

పాత వైర్‌మ్యాన్:
పడుతున్న ఆ బ్రేకర్ మీద "టెస్ట్" బటన్ ఉందా?

నిజాంపేట ఓనర్:
టీ అని చిన్న బటన్ ఉంది. 40 ఆంప్స్, 30 ఎంఏ అని రాసుంది.

పాత వైర్‌మ్యాన్:
అది ఆర్‌సీసీబీ.

కొత్తపేట అద్దెలు:
మా దగ్గర దాన్ని ఈఎల్‌సీబీ అంటారు. రెండూ ఒకటే కదా, ఎందుకు కంగారు పెడతారు?

పాత వైర్‌మ్యాన్:
పేరు ఏదన్నా పర్వాలేదు తమ్ముడూ. దాన్నీ ఎంసీబీనీ ఒకటే అనుకుంటేనే ప్రమాదం. లోడ్ మించినా, షార్ట్ అయినా ఎంసీబీ పడుతుంది. రెండు వేల వాట్ల గీజరే తొమ్మిది ఆంప్స్ దాకా లాగుతుంది, దానికి 16 లేదా 20 ఆంప్స్ ఎంసీబీ పెడతారు. ఒక్క ఆంపులో పదో వంతు మనిషి ఒంట్లోంచి పోయినా ప్రాణం పోవచ్చు, ఎంసీబీ మాత్రం కదలదు. ఆర్‌సీసీబీ అలా కాదు. ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ లెక్క చూసుకుంటుంది. తేడా 30 మిల్లీ ఆంప్స్‌కి చేరేలోపే పడిపోతుంది. దాన్ని తీసేస్తే పసిపిల్లకి స్నానం చేయించే చోట కాపలా తీసేసినట్టే. దయచేసి ఆ పని ఎవరూ చేయించకండి.

గట్టినీళ్ల బాధితుడు:
కాయిల్ మార్చినప్పుడు లోపలి రాడ్ చూశాడా? బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడితే కాయిల్ చుట్టూ తెల్లటి సున్నం పెచ్చులు కడుతుంది. దాంతో కాయిల్ వేడెక్కి, పైన ఉండే గొట్టం చిట్లి, కరెంట్ నీళ్లలోకి దిగుతుంది. పక్కనే మెగ్నీషియం రాడ్ ఉంటుంది, ఆనోడ్ అంటారు. ట్యాంకు బదులు తుప్పు అది తింటుంది. మాది విప్పితే నడుమ సన్నని కమ్మీ తప్ప ఏమీ మిగల్లేదు. కాయిల్ మార్చి రాడ్ వదిలేస్తే త్వరలో ట్యాంకే పోతుంది.

నిజాంపేట ఓనర్:
కాయిల్ కొత్తదే అంటున్నా కదా! స్విచ్ ఆపితే ఏ గొడవా లేదు. అంటే గీజరే కదా?

పాత వైర్‌మ్యాన్:
అలా తేల్చలేం. ఆ స్విచ్ ఫేజ్‌ని మాత్రమే తెంపుతుంది. గీజర్ ప్లగ్ పూర్తిగా పీకి, చేతులు, నేల తడి లేకుండా చూసుకుని అదే సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టండి.

నిజాంపేట ఓనర్:
పెట్టాం. ఇస్త్రీ పెట్టెకీ పడింది!! ఇప్పుడు వైరింగంతా తవ్వాలా?

పాత వైర్‌మ్యాన్:
ఆగండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా?

నిజాంపేట ఓనర్:
ఉంది. పోయిన వారమే కిరాయిదారు పెట్టించుకున్నాడు. గీజర్ దాని మీద లేదు, లైట్లు, ఫ్యాన్లే.

పాత వైర్‌మ్యాన్:
అదీ సంగతి. ఇన్వర్టర్‌కి లైన్ ఆర్‌సీసీబీకి ముందు తీసుకుని, దాని న్యూట్రల్‌ని ఇంటి న్యూట్రల్ పట్టీలో కలిపి ఉంటారు. పెద్ద లోడ్ వేయగానే తిరిగొచ్చే కరెంట్‌లో కొంత ఆ పక్కదారి పడుతుంది. ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది, పడుతుంది. ఇన్వర్టర్ లైన్, న్యూట్రల్ రెండూ ఆర్‌సీసీబీ తర్వాతే తీసుకోమనండి. అప్పటికీ పడితే గోడలో వైర్లుండే పైపుకి తేమ పట్టిందేమో, మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఉన్నవాడితో చూపించండి. చేతిలో టెస్టర్ ఒక్కటే ఉన్నవాడు వద్దు.

మోతీనగర్ అంకుల్:
చూశారా, ఓనర్‌కి చెప్పకుండా ఇన్వర్టర్ పెట్టకూడదని కూడా అగ్రిమెంట్‌లో ఉండాలి.

కొత్తపేట అద్దెలు:
అంకుల్, ఎండాకాలం కరెంట్ పోతే కిరాయికున్నవాళ్లు ఉడికిపోవాలా? చెప్పి పెట్టించుకోమంటే చాలదా?

మోతీనగర్ అంకుల్:
నేనూ అదే అంటున్నా, చెప్పమని.

నిజాంపేట ఓనర్:
ఇన్వర్టర్ పెట్టినతను సాయంత్రం వస్తానన్నాడు. అప్పటిదాకా స్టవ్ మీద కాచుకోమన్నా. థాంక్స్ అండి.

కొత్తపేట అద్దెలు:
అన్నా, ఆ మెగ్నీషియం రాడ్ ఎక్కడ దొరుకుతుంది? మా గీజర్ బాగా పాతది.

గట్టినీళ్ల బాధితుడు:
హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో అడుగు. పాతది విప్పి చేత పట్టుకెళ్లు, మర కొలతలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి.