మౌతార్గాన్‌లో ‘సెకండ్ పొజిషన్’కు తెలుగు మాట ఏది?

ప్రశ్న, కర్నూలు నుంచి:
మౌతార్గాన్ మీద బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకాలు, వీడియో పాఠాల పట్టిక ఒకటి తెలుగులో రాస్తున్నాం. ప్రతి పాఠానికీ ఫస్ట్ పొజిషన్, సెకండ్ పొజిషన్, థర్డ్ పొజిషన్ అని పేర్లున్నాయి. వీటిని మొదటి స్థానం, రెండో స్థానం అని రాస్తే సరిపోతుందా? ఇంతకంటే మంచి మాట ఉంటే పెద్దలు చెప్పాలి.

జవాబు, అనంతపురం:
‘స్థానం’ వద్దక్కా. సంగీతం తెలిసినవాళ్లకు స్థానమంటే స్వరస్థానం. రెండో స్థానం అనగానే శుద్ధ రిషభం అనుకుంటారు. సంగీతం తెలియనివాళ్లేమో రెండో తూటు మీద పెదవులు పెట్టమన్నారని అనుకుంటారు. పొజిషన్ అంటే ఈ రెండూ కాదు. ఒకే వాద్యం మీద ఏ స్వరాన్ని షడ్జంగా పట్టుకున్నామన్నదే పొజిషన్. సి, డి, జి లాంటివి పాశ్చాత్య స్వరాల పేర్లు. సి శ్రుతికి కట్టిన పది తూట్ల మౌతార్గాన్, అంటే సి మౌతార్గాన్ మీద సి షడ్జమైతే ఫస్ట్, జి అయితే సెకండ్, డి అయితే థర్డ్. ప్రతిసారీ పంచమానికి ఎక్కుతూ పోవాలి. తర్వాత ఎ, ఆపైన ఇ. అట్లా పోతే పన్నెండోది ఎఫ్.

ఈ పనికి మన సంగీతంలో పేరుంది: గ్రహభేదం. శంకరాభరణం స్వరాలను మార్చకుండా పంచమాన్ని షడ్జం చేస్తే హరికాంభోజి వస్తుంది, అది సెకండ్ పొజిషన్. రిషభాన్ని చేస్తే ఖరహరప్రియ, థర్డ్. ధైవతాన్ని చేస్తే నఠభైరవి, ఫోర్త్. గాంధారాన్ని చేస్తే తోడి, ఫిఫ్త్. మధ్యమాన్ని చేస్తే కల్యాణి, ట్వెల్త్. రాగాలు తెలిసినవాళ్లకు ఏ పొజిషన్ ఎట్లా వినపడుతుందో ఈ పేర్లతోనే తెలిసిపోతుంది.

జవాబు, కడప:
గ్రహభేదం నాకూ ఇష్టమైన మాటే స్వామీ, కానీ ఒక తేడా ఉంది. కచేరీలో గాయకుడు గ్రహభేదం చేసి చూపినా తంబురా శ్రుతి మారదు, కాసేపటికి మళ్లీ పాత షడ్జానికే వస్తాడు. బ్లూస్‌లో అట్లా కాదు. సి మౌతార్గాన్‌తో సెకండ్ పొజిషన్ వాయిస్తుంటే గిటారు, బేసు అన్నీ మొదటినుంచీ జి లోనే ఉంటాయి. కాబట్టి వివరించడానికి గ్రహభేదం వాడండి, పాఠం పేరుగా పెట్టకండి.

అంకెలతో ఇంకో గొడవ ఉంది. మన లెక్కలో సి ఒకటో శ్రుతి, డి రెండు, జి ఐదు. సి మౌతార్గాన్ మీద సెకండ్ పొజిషన్ ఐదో శ్రుతి అవుతుంది, థర్డ్ పొజిషన్ రెండో శ్రుతి అవుతుంది. ‘రెండో’ అన్న మాట ఎక్కడ కనిపించినా చదివేవాళ్లు తికమక పడతారు. దీనివల్ల డబ్బు కూడా పోతుంది. పాట ఐదు శ్రుతిలో ఉందని జి మౌతార్గాన్ కొనుక్కుంటారు, పాఠంలో చెప్పింది సి మౌతార్గాన్‌తో వాయించమని. టాబ్‌లో (ఏ తూటు ఊదాలో, ఏది పీల్చాలో అంకెలతో రాసేది) ఉన్న అంకెలన్నీ సరిగ్గా ఊదినా వెనక పాటతో కలవదు. సెకండ్ పొజిషన్‌కు పాట షడ్జం నుంచి శుద్ధ మధ్యమం ఏదో అదే కొనాల్సిన మౌతార్గాన్: పాట జి అయితే సి, ఎ అయితే డి, ఇ అయితే ఎ. థర్డ్‌కు పాట షడ్జం కంటే ఒక పూర్తి స్వరం (రెండు అర స్వరాలు) కిందిది: పాట డి అయితే సి, ఎ అయితే జి.

అందుకే నా సలహా ఏమంటే షడ్జం ఏ తూటులో ఉందో అదే పేరుగా పెట్టండి. ఫస్ట్ ‘ఊదు 4 షడ్జం’, సెకండ్ ‘పీల్చు 2 షడ్జం’, థర్డ్ ‘పీల్చు 4 షడ్జం’. మౌతార్గాన్ ఏ కీ (శ్రుతి) అయినా ఈ పేర్లు మారవు.

కర్నూలు:
ఇది చాలా బాగుంది సార్. మరి పట్టికలో ఏ పాఠం పెట్టాలి, ఏది తీసెయ్యాలి అనేది ఎట్లా తేల్చుకోవాలి?

అనంతపురం:
మౌతార్గాన్ కీ, పాట కీ, పొజిషన్ మూడూ విడివిడిగా చెప్పని పాఠాన్ని మొదటే పక్కన పెట్టండి. టాబ్ గుర్తులు అన్నిచోట్లా ఒకటి కావు. కొందరు పీల్చడానికి కింది బాణం వేస్తారు, కొందరు మైనస్ పెడతారు. ఏ గుర్తుకు ఏ అర్థమో మొదటి పేజీలో లేకపోతే ఆ పుస్తకం ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు పనికిరాదు.

అసలు పరీక్ష కింది మూడు తూట్ల దగ్గర. సి మౌతార్గాన్‌లో అక్కడ ఊదితే సి, ఇ, జి. పీలిస్తే డి, జి, బి. ఎఫ్, ఎ రెండూ లేవు. రెండో తూటు పీల్పును పూర్తి స్వరం కిందికి జారిస్తే (ఇంగ్లీషులో బెండ్) ఎఫ్ వస్తుంది, మూడోదాన్ని అంతే జారిస్తే ఎ వస్తుంది. ఈ జారు నేర్పకుండానే మొదటి పాఠంలో కింది స్థాయిలో హరికాంభోజి ఆరోహణ మొత్తం వాయించమనే పుస్తకాలున్నాయి. స్వరం పలకదు. నేర్చుకునేవాళ్లు రీడ్ (లోపల మోగే రేకు) పాడైందనుకుని వాద్యం మార్చుకోవడానికి అంగడికి పోతారు. మంచి పాఠం ముందు 1 నుంచి 4 దాకా కలిపి పీల్చి జి కార్డ్, అంటే జి, బి, డి స్వరాలు ఒకేసారి మోగే శబ్దం, తెప్పిస్తుంది. తర్వాత పీల్చు 2 ఒక్కటే పలికిస్తుంది. కొత్తవాళ్లకు మొండికేసేది ఇదే, గట్టిగా లాగితే గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. పీల్చు 2, ఊదు 3 రెండూ ఒకే జి. రెండూ ఒకేలా వినపడేదాకా ఊపిరి తగ్గించి లాగమని చెప్పే పాఠం నమ్మదగింది.

బ్లూస్ రుచి ఆ తర్వాత. సెకండ్ పొజిషన్‌లో మూడో తూటు పీల్పును అర స్వరం దించితే సాధారణ గాంధారం, నాలుగో తూటుది దించితే ప్రతి మధ్యమం.

కడప:
బెండ్‌కు ‘వంపు’ కంటే ‘జారు’ నయం, కాకపోతే మన జారు ఎక్కుతుంది కూడా. ఇక్కడ కిందికే. ఎంత దూరం జారుతుందో కూడా పాఠంలో రాసి ఉండాలి. ఆ తూటులో ఊదే స్వరానికి కాస్త పైన ఆగిపోతుంది. రెండో తూటులో జి కింద ఇ ఉంది కాబట్టి రెండు అర స్వరాలు, మూడో తూటులో బి కింద జి కాబట్టి మూడు, నాలుగులో డి కింద సి కాబట్టి ఒకటే. ఐదో తూటులో పూర్తి అర స్వరం రాదు, వస్తుందని నేర్పే వీడియోను పట్టికలో పెట్టొద్దు.

థర్డ్ పొజిషన్ అన్నిటికన్నా చివర రావాలని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. పీల్చు 4 నుంచి పీల్చు 8 దాకా ఖరహరప్రియ జారు లేకుండా పూర్తిగా ఉంది: పీల్చు 4, ఊదు 5, పీల్చు 5, ఊదు 6, పీల్చు 6, పీల్చు 7, ఊదు 7, పీల్చు 8. ఏడో తూటు నుంచి వరస తిరగబడుతుంది, అక్కడ పీల్చేదే కింది స్వరం. ఆ మాట గట్టిగా చెప్పిన పాఠాన్నే తీసుకోండి. ఫస్ట్ పొజిషన్ బ్లూస్‌ను మాత్రం తర్వాతికి ఉంచొచ్చు. అమెరికా బ్లూస్ కళాకారుడు జిమ్మీ రీడ్ లాగా పై తూట్లలో 8, 9, 10 ఊదుతూ జార్చాలి, దానికి జి, ఎ లాంటి తక్కువ కీ మౌతార్గాన్లు సులువు.

కర్నూలు:
అయితే ప్రతి పాఠం ముందు ఇట్లా రాస్తాం: ‘సి మౌతార్గాన్, పీల్చు 2 షడ్జం, పాట 5 శ్రుతి, సెకండ్ పొజిషన్’. ఫోర్త్‌కు పీల్చు 6, ఫిఫ్త్‌కు ఊదు 5, ట్వెల్త్‌కు పీల్చు 5 అంతేనా?

కడప:
అంతే తల్లీ. సెకండ్ పొజిషన్ అన్న మాట చివర ఉంచడం మంచిది, వీడియో వెతకాలంటే ఆ పేరుతోనే దొరుకుతుంది.