త్యాగరాజ ఆరాధన రోజున ఇళయరాజా ఆల్బమ్ వినిపించవచ్చా?

హనుమకొండ శ్రోత: ఈసారి ఆరాధన నాడు మన బృందం త్యాగరాజు అయిదు పంచరత్న కృతుల తరువాత ఇళయరాజా 1986 ఆల్బమ్ ‘హౌ టు నేమ్ ఇట్’ వినిపించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. మీ అభిప్రాయాలు రాయండి.

మట్టెవాడ: వద్దు. అందులోని ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’లో వినిపించేది జర్మన్ స్వరకర్త బాఖ్ మూడో పార్టీటా (కొన్ని వాద్య భాగాల వరుస)లోని ప్రిల్యూడ్, అంటే మొదటి భాగం. ఒంటరి వయొలిన్ కోసం రాసిన దాని మీద ఆర్కెస్ట్రా పేర్చితే సొంత రచన అవుతుందా?

కాజీపేట వయొలిన్: ఆ ప్రిల్యూడ్‌నే బాఖ్ 1731లో ఆర్గాన్‌కు, ట్రంపెట్లకు, టింపనీకి (పెద్ద ఢంకాలకు) తిరిగి కూర్చి తన 29వ కాంటాటాకు (గాయకులకూ వాద్యాలకూ కలిపి రాసిన రచనకు) ముందు పెట్టుకున్నారు. పైగా ఈ ఆల్బమ్ అంకితమే త్యాగరాజుకూ బాఖ్‌కూ. ఆరాధన నాడు కాకపోతే ఇంకెప్పుడు?

మట్టెవాడ: బాఖ్ తన రచనను తానే మార్చుకున్నారు. ఆ హక్కు అందరికీ రాదు.

వరంగల్ కోట: వినిపించండి. ఆయన ఇంకో ఆల్బమ్ ‘నథింగ్ బట్ విండ్’ కూడా. అందులో హరిప్రసాద్ చౌరాసియా వేణువు విన్నవారెవరూ అభ్యంతరం చెప్పరు.

మట్టెవాడ: గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, దాని సంగతి చెప్పండి. అంతమంది వయొలిన్లు కలిసి ఒకే గమకాన్ని పలికించలేవు. స్వరాలు చూసి నిటారుగా వాయిస్తారు. గమకం పోయాక అది త్యాగరాజుకు ఎలా చెందుతుంది?

కాజీపేట వయొలిన్: ప్రధాన వయొలిన్ వి.ఎస్. నరసింహన్‌ది. గమకాలు ఆయన వేళ్ల మీద పలుకుతాయి, హార్మొనీ (కలిసి మోగే తోడు స్వరాలు) వెనుక నిలబడుతుంది. ముత్తుస్వామి దీక్షితర్ ఆంగ్ల బ్యాండు వరుసలకు నొట్టుస్వరాలు రాయలేదా? వయొలిన్‌ను మన కచేరీలోకి తెచ్చింది ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ కాదా?

మట్టెవాడ: గమకం గురించి అడిగితే వంశవృక్షం చెబుతున్నారు.

కాజీపేట వయొలిన్: సరే, అసలు విషయానికి వద్దాం. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు వాయిస్తున్నానని ఒక గురువుగారు నాకు పాఠం ఆపేశారు. అందరూ కలిసి పంచరత్నాలు పాడే ఆరాధన గోష్ఠిలో వెనుక వరుసలోనైనా కూర్చోనివ్వలేదు. ఆ పాటలతోనే మా ఇల్లు గడిచింది. సినిమా సంగీతం ముట్టుకున్న చేయి త్యాగరాజుకు పనికిరాదా?

మట్టెవాడ: మీకు జరిగింది అన్యాయం. నా బాధ వేరు. ఈ ఊళ్లో ఏ వేదిక చూసినా సినిమా పాటల విభావరులే. పిల్లలు కీర్తన నేర్చుకుని పదిమంది ముందు పాడే రోజు ఏడాదికి ఇదొక్కటే. దాన్ని కూడా ఇళయరాజా పేరు మీద నింపుకుంటే వచ్చే ఏడాది పంచరత్నాలే తగ్గిస్తారు. ఇదివరకు ఒక సంఘంలో అలాగే జరిగింది.

హనుమకొండ శ్రోత: సాయంత్రం వేరే సమయం పెడితే?

మట్టెవాడ: ఆ రోజు వద్దన్నాను.

కాజీపేట వయొలిన్: గోష్ఠిలోకి నన్ను రానిస్తారా? అది చెప్పండి ముందు.

మట్టెవాడ: అయిదు కృతులూ వస్తే రండి. ముందు వరుసలోనే కూర్చోండి.

కాజీపేట వయొలిన్: వస్తాయి. వస్తాను. ఆల్బమ్ విషయంలో మాత్రం నా మాట మారదు.