విండోస్, మ్యాక్, ఉబుంటు అన్నీ ఉన్న ఆఫీసుకి ఒకే లాగిన్: ఎవరైనా పెట్టారా?

ఏలూరురోడ్డు: విజయవాడలో పుస్తకాలు అచ్చేసే ఆఫీసు మాది. అకౌంట్స్‌లో విండోస్, డిజైన్‌లో మ్యాక్, ప్రూఫ్ చూసేవాళ్లకి ఉబుంటు. మనిషికి మూడు నాలుగు పాస్‌వర్డ్‌లు, కీబోర్డుల కింద చీటీలు. పొద్దున ఒక్కసారి లాగినైతే షేర్ ఫోల్డర్లు కూడా తెరుచుకోవాలి. సర్వర్ లైసెన్సు కొనే స్తోమత లేదు.

బ్రాడీపేట: గుంటూరులో మా కాలేజీ ల్యాబ్ సాంబా అనే ఉచిత సర్వర్ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తోందండీ. 2012లో వచ్చిన 4.0 నుంచి అదే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా (డీసీ, అంటే అందరి లాగిన్‌లనూ ఒకేచోట చూసుకునే సర్వర్‌గా) పనిచేస్తుంది, లైసెన్సు ఖర్చు లేదు. ఉబుంటులో రియల్మ్ జాయిన్ కమాండ్ కొడితే, డీసీతో లాగిన్ సరిచూసే ఎస్ఎస్ఎస్‌డీ అమరిపోతుంది. హోమ్ ఫోల్డర్ దానంతటదే తయారయ్యేలా పామ్‌లో (ఉబుంటు లాగిన్ సెట్టింగుల్లో) ఆన్ చేయండి, లేకపోతే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే వస్తుంది. విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, ప్రో ఉండాలి.

పటమట: అన్నిటికంటే ముందు టైమ్ చూసుకోండి. సర్వర్‌కీ మిషన్‌కీ గడియారంలో 5 నిమిషాలు మించి తేడా ఉంటే డొమైన్‌లో లాగిన్ సరిచూసే కెర్బెరోస్ టికెట్ ఇవ్వదు. ఆ టికెట్ ఉంటేనే మళ్లీ పాస్‌వర్డ్ అడక్కుండా ఫోల్డర్లు తెరుచుకుంటాయి. మా ఆఫీసులో కరెంటు పోయొచ్చినప్పుడల్లా గడియారాన్ని నడిపే సీమోస్ బ్యాటరీ అయిపోయిన పాత మిషన్లు ఎప్పటిదో తేదీతో లేచేవి. లాగిన్ అవట్లేదని ఒకటే ఫోన్లు. టికెట్ అడిగే కేఇనిట్ కమాండ్ కొట్టి చూస్తే ‘క్లాక్ స్క్యూ టూ గ్రేట్’ అని వచ్చింది. బ్యాటరీలు మార్చి, అన్ని ఉబుంటు మిషన్లూ డీసీ నుంచే టైమ్ తీసుకునేలా క్రోనీ పెట్టాక టెన్షన్ పోయింది.

ఏలూరురోడ్డు: డీఎన్ఎస్ (పేర్లకి అడ్రస్ చెప్పే సర్వర్) నెట్ ప్రొవైడర్‌దే ఉంది. ఉంచొచ్చా?

బ్రాడీపేట: కుదరదండీ. మిషన్లు డీసీని డీఎన్ఎస్‌లో ఏ సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే ఎస్ఆర్‌వీ రికార్డులతోనే వెతుక్కుంటాయి, కాబట్టి డీఎన్ఎస్ డీసీదే ఇవ్వాలి. బయటి పేర్లను అదే ప్రొవైడర్‌కి పంపుతుంది. డొమైన్ పేరు చివర డాట్ లోకల్ మాత్రం వద్దు. మ్యాక్, ఉబుంటు ఆ పేర్లను డీఎన్ఎస్‌లో కాకుండా, నెట్‌వర్క్‌లో అందరినీ అడిగే మల్టీకాస్ట్‌లో వెతుకుతాయి.

లక్ష్మీపురం: మ్యాక్‌లను డొమైన్‌కి బైండ్ చేయొచ్చు (చేర్చొచ్చు) గానీ నేను చేయమనను. పాస్‌వర్డ్ వేరేచోట మార్చుకుంటే మ్యాక్‌లో పాస్‌వర్డ్‌లు దాచే కీచెయిన్ పాతదే పట్టుకుని కూర్చుంటుంది. మేం లోకల్ అకౌంట్లే ఉంచి, మ్యాక్ఓఎస్ కాటలినా నుంచి ఉన్న కెర్బెరోస్ ఎక్స్‌టెన్షన్ పెట్టాం. లోకల్, డొమైన్ పాస్‌వర్డ్‌లు రెంటినీ అదే ఒకటిగా ఉంచుతుంది. దానికి ఎండీఎమ్ (మ్యాక్‌లకి సెట్టింగులు దూరం నుంచే పంపే సాఫ్ట్‌వేర్) తప్పనిసరి.

పటమట: ఇంకోటి. డీసీ ఒక్కటే పెట్టి వదిలేయకండి. అది పడిపోతే, ముందు లాగినైనవాళ్లు మిషన్‌లో దాచి ఉన్న లాగిన్ వివరాలతో లోపలికి రాగలరు గానీ కొత్త టికెట్లు రావు, షేర్ ఫోల్డర్లు తెరుచుకోవు. పాత మిషనైనా పర్లేదు, రెండో డీసీ పెట్టి వేరే యూపీఎస్ మీద ఉంచండి.