సమస్యాపూరణం: పసుపు చెఱిగినపుడె బ్రతుకు నిలిచె

సమస్య (ఆటవెలది), ఇచ్చినవారు: నిర్వాహకులు, తిరుపతి

గంగమ్మ జాతరకు గడపగడపకూ పసుపు పూసే మన ఊరిలో ఈ పాదం అమంగళంగా వినిపించక మానదు. ఆ దోషాన్ని పోగొట్టే అర్థాన్ని ఫ్లావిన్ సహఎంజైముల (ఎంజైములకు తోడ్పడే చిన్న అణువుల) నుండే తేవాలన్నది నియమం. బి2 విటమిను నుండి ఏర్పడే ఎఫ్‌ఏడీ, ఎఫ్‌ఎమ్‌ఎన్‌ అనే ఈ సహఎంజైములు ఆక్సీకృత స్థితిలో, అంటే ఎలక్ట్రాన్లను అందుకోక మునుపు, 450 నానోమీటర్ల ప్రాంతపు నీలికాంతిని పీల్చుకొని పసుపుగా కనిపిస్తాయి. రెండు ఎలక్ట్రాన్లనూ రెండు ప్రోటాన్లనూ అందుకోగానే ఆ రంగును కోల్పోతాయి. 1932లో వార్‌బుర్గ్, క్రిస్టియన్‌లు ఈస్టులో కనుగొన్న ఎంజైముకు ‘పసుపు ఎంజైము’ అన్న పేరు ఈ రంగు వల్లనే వచ్చింది.

చిత్తూరు సభ్యురాలి పూరణ

రిక్తమైన చోట రెండెలక్ట్రానులు
చేరి ఫ్లావినందుఁ జిక్కుకొనఁగ
వాని నంది కణము వలయు శక్తినిఁ గూర్పఁ
బసుపు చెఱిగినపుడె బ్రతుకు నిలిచె

పరిశీలన: ‘రెండెలక్ట్రానులు’ గణాలలో ఇంత సులువుగా ఒదగడం ముచ్చటగా ఉంది. ‘రిక్తమైన చోట’ అన్నదీ సార్థకమే, ఎందుకంటే ఫ్లావిన్ అణువులో ఉండే ఐసోఅలోక్సజీన్ వలయంలోని ఒకటవ, ఐదవ నైట్రోజన్లే హైడ్రోజన్లకు చోటిస్తాయి. మూడవ పాదంలో మాత్రం తొందర కనిపిస్తున్నది. కణం ఆ ఎలక్ట్రాన్లను నేరుగా శక్తిగా మార్చుకోదు. శ్వాసక్రియ ఎంజైమైన సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌లో అవి ఎఫ్‌ఏడీ నుండి ఇనుము–గంధక గుచ్ఛాల (ఆ పరమాణువుల గుంపుల) మీదుగా యుబిక్వినోన్ అనే వాహక అణువు‌ను చేరి, ఆ తరువాతి మజిలీలలో ప్రోటాన్లను మైటోకాండ్రియా పొర దాటించిన పిమ్మటనే కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది.

శ్రీకాళహస్తి సభ్యుని పూరణ

జంటగాను వచ్చి చనుచు నొక్కొక్కటై
యినుము గంధకముల యింటి కేఁగి
యామ్లజనినిఁ జేరి యంబువై మాఱఁగఁ
బసుపు చెఱిగినపుడె బ్రతుకు నిలిచె

పరిశీలన: విషయం ఇందులోనే లోతుగా ఉంది. ఎన్‌ఏడీహెచ్ అనే సహఎంజైము రెండు ఎలక్ట్రాన్లనూ ఒక్కసారే హైడ్రైడుగా (ఆ జంటను మోసే హైడ్రోజనుగా) ఇస్తుంది, గుచ్ఛాలేమో ఒక్కొక్కదానినే పుచ్చుకోగలవు. ఈ రెండింటి నడుమ శ్వాస శృంఖలపు మొదటి ప్రోటీన్ సముదాయమైన మొదటి కాంప్లెక్సులోని ఎఫ్‌ఎమ్‌ఎన్ జంటను విడదీసి పంపుతుంది. అయితే అన్వయం తిరగబడింది: ఎలక్ట్రాన్లు వెళ్లిపోతే పసుపు తిరిగి వస్తుందే కాని చెరగదు.

సభ్యుని సవరణ (రెండు, మూడు పాదాలకు):

యినుము గంధకముల యింటి కేఁగు
వానిఁ దొలుత నంది వలయమ్ము నిలుపఁగఁ

నిర్వాహకులు: ఇప్పుడు అన్వయం కుదిరింది. అయినా ఒకే ఎలక్ట్రాను ఉన్న సెమీక్వినోన్ దశను, కొన్ని ప్రోటీన్లలో నీలంగా, మరికొన్నింటిలో ఎర్రగా కనిపించే ఆ నడిమి రంగును, ఇంతవరకు ఎవరూ పద్యంలోకి తేలేదు. పూరణలకు గడువు ఇంకా ఉన్నది.