సమస్యాపూరణం: చచ్చినట్టివాఁడు సభకు వచ్చె

బందరు బడి (పృచ్ఛకుడు, అంటే సమస్య ఇచ్చేవాడు):
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. దీనికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి, అదే పూరణ.

చచ్చినట్టివాఁడు సభకు వచ్చె.

పదో తరగతి బ్యాచి కలయిక మీదే పూరించాలి. సత్యవంతుడు, మార్కండేయుడు వద్దు. పురాణంలోకి వెళితే ఈ పాదం సులువుగా తేలిపోతుంది. మన ఊరి హైస్కూలు ఆవరణలో, షామియానా కింద, ముసలివారైన మాస్టార్లకు శాలువాలు కప్పుతున్న చోట ఈ మాట ఎలా నిజమవుతుందో చెప్పండి. కోస్తాలో సంక్రాంతికి, తెలంగాణలో దసరాకు ఇలాంటి సభలు జరగని మండలం ఉండదేమో. ప్రతి సభలోనూ రెండు నిమిషాల మౌనం పాటిస్తారు. ఆ తర్వాత పోయినవాళ్ల ఊసు మళ్లీ రాదు. నాకు అది చాలదనిపిస్తుంది. అందుకే ఈ పాదం ఇచ్చాను.

కొత్తవారికి ఒక మాట. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. ప్రాస (పాదాల రెండో అక్షరాల పొత్తు) నియమం లేదు. వేమన పద్యాలు నాలుగు నోటికి వస్తే నడక అదే పట్టుబడుతుంది.

గోదారి గట్టు:
పటముఁ గట్టి తెచ్చి పదిమంది నడుమను
పెట్టి పూలదండ పెనచి వేసి
పేరు పిలువ మేమె బిగ్గరఁ బలుకఁగా
చచ్చినట్టివాఁడు సభకు వచ్చె.

మా బ్యాచిలో ఇది నిజంగానే చేస్తాం. సభ మొదలవగానే మా క్లాస్ టీచరుగారు హాజరు పిలుస్తారు. పోయినవాళ్ల పేర్లు పట్టీలోంచి తీసెయ్యలేదు. ఆ పేరు వచ్చినప్పుడు అందరం ఒక్క గొంతుతో "ప్రెజెంట్ సార్" అంటాం.

బందరు బడి:
మొదటి పూరణే నిలబడింది. మూడో పాదంలో పే, బి యతి చక్కగా కుదిరింది. 'మేమె' అన్న చోట పద్యం తిరిగింది. ఫొటో మాత్రమే ఉంటే ఇది సంతాపసభ అయ్యేది. హాజరు పలకడం వల్లే వాడు సభకు వచ్చాడు. రెండో పాదంలో 'పెనచి' ముందు, 'వేసి' తర్వాత రావడం వల్ల దండ కట్టిన చేతులు కూడా కనిపించాయి.

కరీంనగర్ కవనం:
వాటుసాపులోన వార్త యొక్కటి రాగ
నమ్మి యేడ్చినాము నాల్గు నాళ్ళు
దుబయినుండి నేఁడు తోడివారలఁ జేర
చచ్చినట్టివాఁడు సభకు వచ్చె.

గల్ఫుకు పోయినోళ్లున్న ప్రతి బ్యాచిల ఇసొంటి కథ ఒకటి ఉంటది అన్నా. ఫోను నంబరు మారుతది, మనిషి జాడ దొరకది. ఎవరో ఒకరు గ్రూపుల ఒక మాట పెడతరు, కింద అందరు దండం పెట్టే బొమ్మలు పెడతరు. ఇంటికి పోయి అడిగినోడు ఒక్కడు ఉండడు.

గోదారి గట్టు:
అన్నా, గణాలు, యతులు సరిపోయాయి. కానీ మొదటి పాదంలో ఏ వార్తో చెప్పలేదు. నాలుగో పాదం చదివాక వెనక్కి వెళ్లి ఊహించుకోవాల్సి వస్తోంది. 'వాఁడు లేఁడటంచు వార్త యొక్కటి రాగ' అంటే యతి కూడా చెడదు.

బందరు బడి:
ఈ సవరణతో పద్యం పూర్తయింది. వాట్సాప్ పేరు పోయినా నష్టం లేదు. వార్త తప్పని విడిగా చెప్పనక్కర లేకుండా 'దుబయినుండి నేఁడు' అన్నదే చెప్పేసింది. మీ వ్యాఖ్యలో చివరి మాట నాకు పద్యమంత విలువైనది. ఇప్పుడు ఒక వాట్సాప్ గుంపులో 1024 మందిని చేర్చుకోవచ్చు, పల్లె హైస్కూలు బ్యాచిలు ఎన్నో అందులో పడతాయి. అయినా ఒక మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే వాళ్ల వీధికి ఎవరో ఒకరు నడిచి వెళ్లాల్సిందే.

మూడో బెంచి:
పద్యం రాయడం ఇదే మొదలు. పెద్దలు దిద్దాలి.

బల్లపైన వాఁడు పేరును చెక్కెను
కంట నీరు నిండె కథలు సాగె
మాటమాటలోన మనసులో మెదలుచు
చచ్చినట్టివాఁడు సభకు వచ్చె.

బందరు బడి:
తమ్ముడూ, నడక పట్టుబడింది, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. బ, ప ఒకే వర్గం కాబట్టి హల్లు కుదిరింది. అచ్చు కుదరాలి కదా, 'బ'లో అకారం, 'పే'లో ఏకారం. ఇలా మార్చి చూడు:

పేరుఁ జెక్కినట్టి బెంచినిఁ జూడఁగా

ఇప్పుడు పే, బె కుదిరాయి. ఇంకో లాభం కూడా ఉంది. నీ మొదటి పాదం విడిగా ఆగిపోయేది. ఇప్పుడు బెంచిని చూడడం వల్లే కంట నీరు నిండింది, ఒక పాదం నుంచి మరో పాదానికి దారి పడింది. కాంపాసు ముల్లుతో పేర్లు చెక్కిన ఆ బెంచీలు చాలా బళ్లలో పాత సామాను గదికి చేరాయి. మీ బడిలో ఒక్కటి మిగిలినా హెడ్మాస్టరుగారిని అడిగి సభరోజున బయట పెట్టించండి.

నల్లబల్ల:
పదినిఁ దప్పెననుచు బడిదారిఁ దొక్కక
నలుగురున్నచోట నవ్వలేక
చేయి పట్టి పిలువ సిగ్గుచేతను మున్ను
చచ్చినట్టివాఁడు సభకు వచ్చె.

కరీంనగర్ కవనం:
అక్కా, రెండో పాదం కాడ ఆగిపోయిన. 'నవ్వలేక' అన్న ఒక్క మాటల వాని బతుకంత ఉన్నది.

గోదారి గట్టు:
సమస్యలో చావును అవమానంగా తీసుకోవడం కొత్తగా ఉంది. ఒక్క సందేహం. మూడో పాదంలో 'పిలువ' తర్వాత వెంటనే 'సిగ్గుచేతను' వస్తే, పిలిచినందుకు సిగ్గుపడ్డాడని పొరబడే వీలుంది.

నల్లబల్ల:
'మున్ను' అన్న మాట ఆ అన్వయాన్ని ఆపుతుంది తమ్ముడూ. పైకి చదివేటప్పుడు 'పిలువ' దగ్గర కాస్త ఆగాలి.

ఈ పద్యం ఎందుకు రాశానో చెప్పాలి. ముప్పై ఏళ్లు పైగా హైస్కూల్లో పాఠం చెప్పాను. పాత బ్యాచిలవాళ్లు పట్టిక కోసం వచ్చినప్పుడు సాధారణంగా పదో తరగతి నామినల్ రోల్సు అడుగుతారు. పబ్లిక్ పరీక్షకు పంపిన పేర్లే అందులో ఉంటాయి. ఎనిమిదిలో మానేసి పత్తి చేలకు పోయిన పిల్ల, తొమ్మిదిలో పెళ్లయిపోయిన పిల్ల, ఏడో తరగతి కామన్ పరీక్ష దగ్గరే ఆగిపోయిన పిల్లాడు అందులో కనబడరు. అడ్మిషన్ రిజిస్టరు అడగండి. బడిలో అడుగుపెట్టిన ప్రతి బిడ్డ పేరూ అందులో ఉంటుంది, తండ్రి పేరుతో సహా. ఆడపిల్లలకు పెళ్లితో ఇంటిపేరు, ఊరు మారిపోతాయి. వాళ్ల కోసం పుట్టింటి వీధిలో అడగాలి. వదినలకు తెలుస్తుంది.

బందరు బడి:
అమ్మా, గోదారి గట్టు సందేహం న్యాయమైనదే, మీ సమాధానమూ నిలుస్తుంది. చే, సి యతి సరి. ఈ వారం పూరణల్లో నా మనసు దీని మీదే ఉంది. బతికి ఉన్నవాణ్ణి మనమే చచ్చినవాళ్ల లెక్కలో వేశామని ఈ పద్యం చెబుతోంది. బందరు హిందూ హైస్కూలు పేరు చెబితే, అక్కడ తెలుగు పండితులుగా ఉన్న చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారినీ, తాను వారి శిష్యుణ్ణని పద్యంలో గర్వంగా చెప్పుకున్న విశ్వనాథ సత్యనారాయణగారినీ తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. అదే బడిలో, అదే గదిలో కూర్చుని మధ్యలో మానేసినవాళ్లూ ఉంటారు. వాళ్లను వెతికి పిలవాల్సింది తోటి పిల్లలే.

కొల్లేటి గాలి:
తండ్రిపోలికలను దాల్చిన కొడుకును
చూచి మిత్రులెల్ల చోద్యపడిరి
అదియె నవ్వు నడక యదియె చూడుఁడు రండు
చచ్చినట్టివాఁడు సభకు వచ్చె.

గోదారి గట్టు:
సమస్యను మిత్రుల నోట పెట్టి తప్పించుకునే దారి పాతదే. అయినా 'చూడుఁడు రండు'లో తొందర బాగుంది, పిలుపు వినిపించింది. 'చోద్యపడిరి' నాకు కొంచెం తేలికగా తగిలింది. ఆ కుర్రాణ్ణి చూడగానే ముందు గొంతు పట్టుకుపోతుంది కదండీ.

నల్లబల్ల:
కొడుకుని పిలిచినవాళ్లు తల్లిని కూడా పిలవండి బాబూ. భర్త పోయాక ఆయన బ్యాచి సభకు తాను ఏ వరసన రావాలో ఆవిడకు తెలియదు. కార్డు మీద ఆవిడ పేరు విడిగా రాయాలి. ముందు వరుసలో కూర్చోబెట్టి, వేదిక మీదికి రమ్మని బలవంతం చెయ్యకూడదు.

బందరు బడి:
నా పూరణ:

వాని పేర మేము బహుమానమిడఁగాను
పిల్ల యొకతె యడిగె పేరు గూర్చి
చెప్పుచున్నకొలఁది చిన్ననాటి కథలు
చచ్చినట్టివాఁడు సభకు వచ్చె.

పాత బడికి సెప్టెంబరు 5న మేం ఇచ్చే బహుమతి మీద మా మిత్రుడి పేరు ఉంటుంది. అందుకున్న పిల్లకు ఆ పేరు ఎవరిదో తెలియకపోతే అది ఒట్టి అట్టముక్కే. అందుకని వాణ్ణి ఎరిగినవాళ్లం ఒకరం వెళ్లి చెబుతాం.

నల్లబల్ల:
'పిల్ల యొకతె' దగ్గర పద్యానికి ప్రాణం వచ్చింది. వా, బ యతి సరే. బహుమతి ఏ పిల్లకి ఇస్తున్నారు? మొదటి మార్కు వచ్చిన పిల్లకు ఎలాగూ పది చోట్ల ఇస్తారు. పది ఒకసారి తప్పి, మళ్లీ కట్టి గట్టెక్కిన పిల్లకు ఇవ్వండి.

బందరు బడి:
ఈ ఏడు అలాగే ఇస్తాం అమ్మా. మిగతా పూరణలు ఆదివారం సాయంత్రం దాకా పంపవచ్చు.