ఫిజియోథెరపీలో కండరాల పరీక్ష డాక్టరు చేతి నుంచి థెరపిస్టు చేతికి ఎలా వచ్చింది?

ఈ వృత్తి చరిత్ర చదివినవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు కాస్త సాయం చేయండి.

పెద్ద మైలురాళ్లు తెలిసినవే. 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ వ్యాయామ సంస్థ పెట్టారు. 1894లో బ్రిటన్‌లో నలుగురు నర్సులు మసాజ్‌కు పట్టిన చెడ్డపేరు పోగొట్టాలని సంఘం కట్టారు, అభ్యర్థులకు పరీక్షలు పెట్టారు. 1920లో దానికి రాయల్ చార్టర్ (రాజు ఇచ్చే గుర్తింపు పత్రం) వచ్చింది. 1921లో అమెరికాలో మేరీ మెక్‌మిలన్ అధ్యక్షురాలిగా సంఘం మొదలైంది.

నా సందేహం పోలియో కాలం గురించి. బోస్టన్‌లో డాక్టర్ లోవెట్ దగ్గర పనిచేసిన విల్హెల్మిన్ రైట్ కండరాల బలాన్ని చేత్తో పరీక్షించే పద్ధతిని రాసిపెట్టారు. ఇప్పటి 0 నుంచి 5 వరకు ఉండే కొలతలో, కూర్చున్న మనిషి మోకాలిని పూర్తిగా చాపితే 3. చేత్తో నొక్కినా కొంత తట్టుకుంటే 4. పక్కకు పడుకోబెట్టి, కాలి బరువు మనం మోస్తేనే చాపగలిగితే 2. వేళ్ల కింద కండరం బిగియడం మాత్రమే తెలిస్తే 1. రోగి వెనక్కి వాలితే మాత్రం ఫలితం మారవచ్చు: తొడ వెనక కండరాల లాగుడు తగ్గి, మోకాలు చాపడం తేలికవుతుంది. ఇది పట్టుకోవాలంటే చేయి తిరిగిన థెరపిస్టే ఉండాలి.

మరి అంత తీర్పు వాళ్ల చేతిలో ఉన్నా, చికిత్స రాసే అధికారం చాలాకాలం డాక్టర్లదే ఎందుకయింది? ఈ పరీక్ష నైపుణ్యమే తర్వాత స్వతంత్ర హోదాకు వాదనగా నిలిచిందా, లేక డిగ్రీ చదువులు, లైసెన్సు చట్టాలే అసలు కారణమా? ఏ దేశం సంగతైనా సరే, ఆనాటి పాఠ్యప్రణాళికలో, రోగుల చార్టుల్లో ఏం చూస్తే ఈ మార్పు తేలుతుందో వివరంగా చెప్పండి.