మార్స్ వోల్టా 'డీ-లౌస్డ్ ఇన్ ద కోమటోరియం': మీకు ఎక్కడ పట్టు దొరికింది?

అర్ధరాత్రి_ఆంప్
టూల్, పోర్క్యుపైన్ ట్రీ లాంటి చిక్కు రాక్ బ్యాండ్లను వినడానికి నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. మార్స్ వోల్టా అనే రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్ ఇది మాత్రం కొరుకుడు పడటం లేదు. 'ఇనర్షియాటిక్ ఈఎస్‌పీ' దాకా ఊపుగా ఉంటుంది. ఆల్బమ్ సగానికి వచ్చేసరికి ఏ పాట ఎక్కడ అయిపోయిందో, ఏది మొదలైందో కూడా తెలియదు. కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ కలిసి ఒకే కథ చెప్పేది) కదా అని లిరిక్స్ తెరిస్తే ఉన్న కాస్త అర్థమూ పోయింది. విన్నవాళ్ళు మీ అనుభవం చెప్పండి. కథ ముందే తెలుసుకోవాలా? హెడ్‌ఫోన్సా, స్పీకర్లా? లేక ఇది అందరికీ నచ్చినట్టు నటించే ఆల్బమా?

కథలేనిదే_నిద్రరాదు
నాకు కథ తెలిశాకే ఎక్కింది, అందుకని అదే చెప్తాను. సెర్పిన్ టాక్స్ట్ అనేవాడు ప్రాణం తీసుకోబోయి, చావకుండా వారం రోజులు కోమాలో పడి ఉంటాడు. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఆ కోమా లోపలే నడుస్తుంది. తన మనసులోనే వేరే లోకాలు, వింత జీవులు, అక్కడే ఓ యుద్ధం. చివరికి మెలకువ వస్తుంది, కానీ ఈ లోకంలో ఇమడలేక మళ్ళీ చావునే ఎంచుకుంటాడు. గాయకుడు సెడ్రిక్ బిక్స్‌లర్-జవాలా, బ్యాండ్‌లో సౌండ్ ఎఫెక్ట్స్ చూసే జెరెమీ వార్డ్ కలిసి రాసిన కథ ఇది. దాన్ని విడిగా చిన్న పుస్తకంగా కూడా తెచ్చారు. అది చదివినా లిరిక్స్ తేటపడవు, ఆ ఆశ పెట్టుకోకండి. కాకపోతే ఏ పాట దగ్గర కథ ఎక్కడుందో తెలుస్తుంది.

దీని వెనక నిజం మనిషి ఉన్నాడు. టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు ఊరు ఎల్‌పాసోలో వీళ్ళ స్నేహితుడు, హూలియో వెనెగాస్ అనే చిత్రకారుడు. 1996లో చనిపోయాడు. పాత బ్యాండ్ ఎట్ ద డ్రైవ్-ఇన్‌లో ఉన్నప్పుడు కూడా ఆయన మీద 'ఎంబ్రోగ్లియో' అనే పాట చేశారు. అంటే ఈ దుఃఖం 2003లో ఆల్బమ్ కోసం పుట్టించింది కాదు, అప్పటికే ఏళ్ళ తరబడి వాళ్ళతో ఉంది. నాకు ఈ సంగతి తెలిశాక 'టెలివేటర్స్' వేరే పాటలా వినిపించింది.

(మనసు బాగాలేని రోజుల్లో ఆ పాట పక్కన పెట్టండి, ఎవరితోనైనా మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416.)

తని_ఆవర్తనం
కథ సంగతి తర్వాత, అన్నా. నేను చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాను, ఇప్పుడు డ్రమ్స్ వాయిస్తాను. నా సలహా ఒక్కటే: మొదటి రెండు మూడు సార్లు డ్రమ్మర్ జాన్ థియోడోర్‌ని తప్ప ఇంకెవరినీ వినకండి. గొంతు, గిటారు ఎటు పోతే అటు పోనివ్వండి. 'రూలెట్ డేర్స్'లో ఆయన ఊరికే వేగంగా కొట్టడు. గిటారు నానా గొడవా చేస్తున్నప్పుడు నిలబెట్టేది ఆయనే, గిటారు సద్దుమణగగానే రెచ్చిపోయేదీ ఆయనే. నేను మొదట చేత్తో తాళం వేసుకుంటూ విన్నాను. లెక్క తప్పిన చోట ఆపి, వెనక్కి పోయి మళ్ళీ పట్టుకున్నాను. మనం కచేరీలో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) వినేది కూడా అలాగే కదా, సాహిత్యం అర్థమైతేనే వింటాం అని ఎవరూ అనరు.

తర్వాత 'డ్రంక్‌షిప్ ఆఫ్ లాంటర్న్స్'కి రండి. అందులో పెర్కషన్ లెన్నీ క్యాస్ట్రోది. రాక్ డ్రమ్స్ కింద లాటిన్ నడక ఎలా పాకుతుందో గమనించండి. గిటారిస్ట్ ఒమార్ రోడ్రిగెజ్-లోపెజ్ పుట్టింది ప్యూర్టో రీకోలో. ఆ సల్సా వాసన తెచ్చిపెట్టుకున్నది కాదు.

సౌండ్‌పిచ్చి
అందరూ మంచి మాటలే చెప్తున్నారు కాబట్టి ఒక చేదు మాట నేను చెప్తాను. ఈ ఆల్బమ్ సగంలో తల బరువెక్కడానికి సంగీతం ఒక్కటే కారణం కాదు, మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వని స్థాయిలు సరిచేసే చివరి పని) కూడా. అన్నీ గరిష్ఠ స్థాయికి నొక్కేశారు. నెమ్మది భాగం నుంచి ఒక్కసారిగా విరుచుకుపడాల్సిన చోట, రెండూ దాదాపు ఒకే వాల్యూమ్‌లో వస్తే ఇంక దెబ్బ ఎక్కడ తగులుతుంది? ప్రొడ్యూసర్లు రిక్ రూబిన్, ఒమార్. రూబిన్ పేరున్న రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ 'కాలిఫోర్నికేషన్' మీద, తర్వాత మెటాలికా 'డెత్ మ్యాగ్నెటిక్' మీద కూడా ఇదే ఫిర్యాదు. కాబట్టి వాల్యూమ్ తగ్గించి, స్పీకర్లలో వినండి. గంట సేపు ఇయర్‌ఫోన్స్‌లో వింటే ఎవరికైనా చిరాకే.

2021లో 'ల్యాండ్‌స్కేప్ టాంట్రమ్స్' పేరుతో ఈ పాటల తొలి రికార్డింగ్స్ బయటికి వచ్చాయి, రూబిన్ చెయ్యి పడకముందువి. కొంచెం గరుకుగా ఉంటాయి, కానీ గాలి ఆడుతుంది. నాకైతే అదే అసలు ఆల్బమ్.

గచ్చిబౌలి_బేస్
సౌండ్‌పిచ్చి గారూ, మీ పేరుకు తగ్గట్టే ఉంది మీ బాధ. తొలి రికార్డింగ్స్ నేనూ విన్నాను. బాగున్నాయి, కానీ అందులో ఫ్లీ లేడు! వీళ్ళ బేసిస్ట్ ఈవా గార్డ్‌నర్ 2002లో వెళ్ళిపోయింది. ఆ ఖాళీలో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ ఫ్లీ వచ్చి, 'టెలివేటర్స్' తప్ప మిగతా అన్నిటికీ వాయించాడు. ఆ ఒక్కదానిలో జస్టిన్ మెల్డాల్-జాన్సెన్ డబుల్ బేస్. ఫ్లీ తన స్లాప్ (తీగని బొటనవేలితో కొట్టి వాయించే) వేషాలన్నీ ఇంట్లో పెట్టి వచ్చాడు, పాటకి ఏది కావాలో అదే వాయించాడు. 'ఎరియాటార్కా'లో మెల్లటి భాగం వచ్చినప్పుడు బేస్ ఒక్కటే వినండి, నేనేమంటున్నానో తెలుస్తుంది.

రూబిన్‌ని తిట్టేవాళ్ళు ఒకసారి తర్వాతి ఆల్బమ్ 'ఫ్రాన్సెస్ ద మ్యూట్' చూడాలి. అది ఒమార్ ఒక్కడే ప్రొడ్యూస్ చేశాడు. అద్భుతమే, కాదనను, కానీ పాటల మధ్య నిమిషాల కొద్దీ గాలి శబ్దాలు, కప్పల అరుపులు. తొలి ఆల్బమ్‌లో పది ట్రాకులు, గంట నిడివి, ఎక్కడికక్కడ కోరస్ వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. కొత్తగా వినేవాళ్ళకి ఇదే సులువైన దారి. నమ్మండి, ఇదే వీళ్ళలో సులువైనది!

ఎల్‌పాసో_పాతకాపు
ఎల్‌పాసో పేరు చూసి ఆగాను. నేను అక్కడ యూటెప్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, ఎల్‌పాసో) ఎమ్మెస్ చేశాను. అప్పట్లో ఈ బ్యాండ్ పేరు కూడా తెలియదు, ల్యాబ్‌లో పక్క సీటు మెక్సికన్ కుర్రాడు వినిపించాడు. "మా ఊరి వాళ్ళు" అన్నాడు, గర్వంగా.

ఆ ఊరు చూస్తే ఈ సంగీతం కొంత అర్థమవుతుంది. క్యాంపస్ నుంచి చూస్తే ఐ-10 హైవే, దాని అవతల సరిహద్దు, ఆ వెనకే మెక్సికోలోని హ్వారెజ్ ఇళ్ళు కళ్ళెదురుగా కనిపిస్తాయి. చుట్టూ ఎడారి, మధ్యలో ఫ్రాంక్లిన్ కొండలు. కిరాణా కొట్టులో ఒకే వాక్యం ఇంగ్లిష్‌లో మొదలై స్పానిష్‌లో ముగుస్తుంది, ఎవరికీ అది వింతగా అనిపించదు. మనం తెలుగు, ఇంగ్లిష్ కలిపినంత మామూలుగా. అందుకే సెడ్రిక్ రెండు భాషలు కలిపి, మధ్యలో సొంతంగా మాటలు పుట్టించి పాడితే ఆ ఊరివాళ్ళకి అది ప్రయోగంలా అనిపించదు. మా మిత్రుడిని అర్థం అడిగితే, "నాకూ తెలియదు, కానీ వాడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలుసు" అన్నాడు. నాకు అంతకన్నా వివరణ అవసరం పడలేదు.

అర్ధరాత్రి_ఆంప్
అందరికీ థ్యాంక్స్. తని గారి పద్ధతి పట్టుకున్నాను, డ్రమ్స్ మాత్రమే. 'రూలెట్ డేర్స్' ఇప్పుడు వదలబుద్ధి కావడం లేదు. స్పీకర్ల సలహా కూడా పనిచేసింది, పక్కింటివాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. కానీ 'సికాట్రిజ్ ఈఎస్‌పీ' మధ్యలో ఏం జరుగుతోంది? పాట ఆగిపోయి ఏవో శబ్దాలు. నెట్ పోయిందేమో అని ఫోన్ చూసుకున్నాను.

మొహమాటం_లేదు
నెట్ పోలేదు, వాళ్ళే పోయారు. పన్నెండు నిమిషాల పాటలో ఆ మధ్య భాగం ఎడిటింగ్‌లో లేచిపోవాల్సింది. నేను ఎప్పుడూ ముందుకు జరిపేస్తాను, ఏ పాపమూ తగల్లేదు. నాకు ఈ ఆల్బమ్‌లో నిజంగా నచ్చినవి 'ఇనర్షియాటిక్', 'టెలివేటర్స్' రెండే. మిగతాది ప్రతిభ ప్రదర్శన.

తని_ఆవర్తనం
ముందుకు జరిపితే, పాట తిరిగి వచ్చినప్పటి ఆ దెబ్బ మీకు ఎలా తెలుస్తుంది, మహాప్రభో? ఆ పాటలో అదనపు గిటారు చిలీ పెప్పర్స్ గిటారిస్ట్ జాన్ ఫ్రుషాంతేది. పైగా కోమా కథలో మనిషి దారి తప్పకపోతే ఎలా? స్టేజి మీద ఇదే పాటని అరగంట దాటి సాగదీసేవారు, 2005 లైవ్ ఆల్బమ్ 'స్కాబ్‌డేట్స్'లో ఉంది. మొహమాటం గారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కథలేనిదే_నిద్రరాదు
ఆ శబ్దాల గురించి ఒక మాట. పాటల అంచుల్లో, ఆ మధ్య భాగాల్లో వినిపించే వింత ధ్వనుల్లో జెరెమీ వార్డ్ పని చాలా ఉంది. బ్యాండ్‌లో ఆయన ఏ వాయిద్యమూ వాయించేవాడు కాదు. మిగతావాళ్ళ ధ్వనిని ఎఫెక్ట్ పెడల్స్‌లోకి (ధ్వనిని మార్చే పెట్టెల్లోకి) లాగి రూపం మార్చేవాడు. 2003 మే 25న డ్రగ్స్ ఎక్కువై చనిపోయాడు. ఆల్బమ్ జూన్ 24న విడుదలైంది. స్నేహితుడి చావు మీద కథ రాసినవాడే, అది జనం వినే నెల ముందు పోయాడు. ఆ తర్వాతి ఆల్బమ్‌కి మూలం కూడా ఆయనకు దొరికిన ఒక డైరీయే. మొహమాటం గారూ, ఒక్కసారి జరపకుండా వినండి. నచ్చకపోతే నచ్చకపోనీ.

మొహమాటం_లేదు
సరే, ఈ ఆదివారం వింటా. మాటివ్వను.

అర్ధరాత్రి_ఆంప్
సౌండ్‌పిచ్చి గారూ, ఆ 'ల్యాండ్‌స్కేప్ టాంట్రమ్స్' వినైల్ ఇక్కడ దొరుకుతుందా?

సౌండ్‌పిచ్చి
మొదట అది 18 ఎల్పీల బాక్స్ సెట్‌లో భాగంగా వచ్చింది. బయటి నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి ఇంట్లో చెప్పుకోలేని ధర అవుతుంది. స్ట్రీమింగ్‌లో ఉంది, ముందు అక్కడ వినండి. 'రూలెట్ డేర్స్' రెండు వెర్షన్లూ వరసగా పెట్టుకుని, వాల్యూమ్ సమానం చేసి, ఏది గెలిచిందో ఇక్కడ రాయండి. గచ్చిబౌలి గారితో నాకు పందెం ఉంది.